ముసురు పట్టిన రోజు పిల్లలతో ఎక్కడికి? తిరుపతి అమ్మానాన్నలకు ఒక మార్గదర్శి

నవంబరులో తిరుపతికి వాన పట్టుకుందంటే ఒక్కోసారి మూడు రోజులు వదలదు. బడికి సెలవు ఇస్తారు. ఇంట్లో తీగల మీద ఆరని బట్టలు, టీవీ ముందు పిల్లలు. పది నిమిషాలకోసారి కిటికీ దగ్గరికెళ్లి "అమ్మా, వాన ఎప్పుడు నిలుస్తాది?" అని అడుగుతాడు మా చిన్నోడు. వాడికి ఐదేళ్లు, వాళ్ల అక్కకు పదేళ్లు. ఇద్దరినీ రెండో రోజు కూడా ఇంట్లోనే కూర్చోబెట్టడం ఎంత కష్టమో పిల్లలున్న ప్రతి ఇంటికీ తెలుసు.

కొన్నేళ్లుగా వానాకాలంలో వీళ్లను బయటికి తీసుకెళ్తూ నేర్చుకున్నవి ఇక్కడ రాస్తున్నాను. అన్నిటికంటే ముఖ్యమైనది ముందే చెప్తాను. వాన రోజు ఎక్కడికి వెళ్లాలో తర్వాత ఆలోచించవచ్చు, ఇంటికి ఎలా తిరిగొస్తామో ముందు తేల్చుకోవాలి. కింద ఉన్న అడుగులన్నీ ఈ వరుసలోనే ఉన్నాయి.

మొదటి అడుగు: ఇది ఏ వానో చూడండి

మన ఊళ్లో వానలు రెండు రకాలు. ఆగస్టు, సెప్టెంబరు నెలల్లో పగలంతా ఎండ కాసి, సాయంత్రం నాలుగు దాటాక కొండల మీద నల్లగా కమ్ముకుని, ఉరుములతో గంటో రెండు గంటలో కుమ్మరించి పోతుంది. ఈ వానకు ఉపాయం తేలిక. ఉదయం పదికల్లా బయల్దేరి, రెండింటికల్లా ఇంట్లో ఉండాలి. సాయంత్రం షికారు అన్న ఆలోచనే వద్దు.

అక్టోబరు నుంచి డిసెంబరు దాకా వచ్చేది ఈశాన్య రుతుపవనాల వాన. బంగాళాఖాతంలో అల్పపీడనమో వాయుగుండమో ఏర్పడితే ముసురు మొదలవుతుంది. ఇది సన్నగా మొదలై, పెరిగి, తగ్గి, మళ్లీ పెరుగుతుంది. మధ్యలో తెరిపి ఇస్తుంది. ఆ తెరిపిలో వెళ్లి రావచ్చు, కానీ ముందు వాతావరణ శాఖ ఇచ్చిన హెచ్చరిక రంగు చూడాలి. పసుపు, నారింజ, ఎరుపు, ఈ వరుసలో ప్రమాదం పెరుగుతుంది. వాళ్ల లెక్కలో 24 గంటల్లో 64.5 నుంచి 115.5 మిల్లీమీటర్లు పడితే భారీ వర్షం. 115.6 నుంచి 204.4 దాకా అతి భారీ. అది దాటితే అత్యంత భారీ. ఈ లెక్క తెలిస్తే వార్తల్లో "అతి భారీ" అన్న మాట వినగానే దాని బరువు అర్థమవుతుంది.

మా ఇంట్లో నియమం ఇది. పసుపు హెచ్చరిక అయితే ఊళ్లో ఒకచోటికి వెళ్తాం. నారింజ అయితే మా వీధి దాటం, మహా అయితే దగ్గర్లో ఉన్న చుట్టాలింటికి. ఎరుపు అయితే గడప దాటం. ఉరుములుంటే ఫోన్‌లో దామిని యాప్ చూస్తాం, చుట్టుపక్కల పిడుగులు పడే అవకాశం ఉంటే అది చెబుతుంది.

కలెక్టరు గారు బడికి సెలవు ఇచ్చారంటే అది పిల్లల్ని ఇంట్లో భద్రంగా ఉంచమని ఇచ్చినది. ఆ సెలవును షికారు సెలవుగా లెక్కపెట్టుకోకండి. 2021 నవంబరులో వచ్చిన వరద చూసినవాళ్లకు ఇది వేరే చెప్పక్కర్లేదు. శేషాచలం మీద పడిన నీళ్లు కాలనీల్లోకి దిగాయి, స్వర్ణముఖి పొంగింది, రాయలచెరువు కట్ట గురించి చుట్టుపక్కల ఊళ్లన్నీ భయపడ్డాయి. కొండ కింద ఉన్న ఊరు మనది. పైన పడిన వాన మన వీధిలోకి రావడానికి ఎక్కువసేపు పట్టదు.

రెండో అడుగు: తిరుగు దారి ఖాయం చేసుకోండి

వెళ్లేటప్పుడు వాన తక్కువగానే ఉంటుంది, అందుకే వెళ్తాం. ఇబ్బందంతా వచ్చేటప్పుడే. కాబట్టి ఇంట్లో ఉండగానే మూడు సంగతులు తేల్చుకోండి.

దారిలో రైల్వే అండర్ బ్రిడ్జి ఉందా? ఉంటే ఆ దారి వదిలేయండి. వెస్ట్ చర్చి దగ్గరి అండర్ బ్రిడ్జిలాంటి చోట్ల గట్టి వాన పడితే నీళ్లు నిలుస్తాయి, బయటి నుంచి చూస్తే లోతు తెలియదు. ముందు బండి వెళ్లింది కదా అని మీరూ దింపకండి. గరుడ వారధి ఫ్లైఓవర్ (ముందు శ్రీనివాస సేతు అనేవాళ్లు) వచ్చాక ఊళ్లో చాలా చోట్లకు పైనుంచే వెళ్లిపోవచ్చు. రెండు కిలోమీటర్లు చుట్టు అయినా పైదారే మంచిది.

రెండోది బండి. టూ వీలర్ మీద ఇద్దరు పిల్లల్ని కూర్చోబెట్టుకుని వానలో వెళ్లొద్దు. సొంత కారు లేకపోతే ఆటో. వాన రోజు ఆటో దొరకడమే కష్టం, దొరికినా చెప్పిన రేటు ఇవ్వాలి. అందుకే నేను పోనూ రానూ ముందే మాట్లాడుకుంటాను. "అన్నా, రెండు గంటల తర్వాత ఇక్కడికే రావాల, ఫోన్ చేస్తా" అని చెప్పి నంబరు తీసుకుంటాను. వెయిటింగ్‌కు కొంచెం ఎక్కువ అడిగితే ఇస్తాను. తడిసిన పిల్లాణ్ణి చంకనేసుకుని రోడ్డు మీద ఆటోల కోసం చేతులూపడం కంటే ఆ డబ్బు ఇవ్వడమే నయం.

మూడోది టైము. నవంబరు, డిసెంబరు నెలల్లో మబ్బు ఉంటే ఐదింటికే చీకటి కమ్ముతుంది. నీళ్లు నిలిచిన రోడ్డు మీద చీకట్లో గుంత ఎక్కడుందో, మూత లేని కాలువ ఎక్కడుందో కనపడదు. నాలుగున్నరకు ఇల్లు చేరేలా లెక్క వేసుకోండి.

మూడో అడుగు: ఒక్కచోటే

ఒకసారి నేను మూడు చోట్లు కలిపి పెట్టుకున్నాను. పొద్దున సైన్స్ సెంటర్, మధ్యాహ్నం హోటల్లో భోజనం, ఆ తర్వాత ఒక షాపింగ్ మాల్. ఎక్కిన ప్రతిసారీ, దిగిన ప్రతిసారీ కొంచెం కొంచెం తడిసి, సాయంత్రానికి చిన్నోడి సాక్సులు పిండితే నీళ్లు కారాయి. రాత్రికి జ్వరం. అప్పటి నుంచి వాన రోజు ఒక్కచోటే, రెండు మూడు గంటలే. బండి దిగడం ఒకసారి, ఎక్కడం ఒకసారి.

ఒక్కచోటే అన్నప్పుడు అక్కడ పిల్లలకు చేయడానికి ఏదో ఒక పని ఉండాలి. ఊరికే చూస్తూ తిరిగితే అరగంటలో "ఇంక పోదాం" అంటారు.

ప్రాంతీయ సైన్స్ సెంటర్: నా మొదటి ఓటు

అలిపిరి వైపు ఉన్న ఈ సైన్స్ సెంటర్ 1993 నుంచి నడుస్తోంది. కేంద్ర సాంస్కృతిక శాఖ కింద ఉన్న జాతీయ సైన్స్ మ్యూజియంల మండలిది. కొండకు వెళ్లే యాత్రికులు దీని పక్కనుంచే వెళ్లిపోతుంటారు, మన ఊరివాళ్లు కూడా చాలామంది బడి టూరుతో ఒకసారి వెళ్లి ఊరుకుంటారు. వాన రోజుకు ఇంతకంటే మంచి చోటు నాకు తెలియదు.

వెళ్లగానే ప్లానెటేరియం టికెట్ గురించి అడగండి. తెలుగు షో ఎన్నింటికో కనుక్కుని, దాన్ని బట్టి మిగతా టైము సర్దుకోండి. ఐదారేళ్ల పిల్లలైతే లోపల చీకటి అవుతుందని ముందే చెప్పాలి. మా చిన్నోడు మొదటిసారి లైట్లు ఆరగానే ఏడ్చాడు. రెండోసారి ఇంట్లోనే లైటు ఆర్పి, గోడ మీద టార్చ్ వేసి, "ఇట్లానే ఉంటాది, నేను చెయ్యి పట్టుకుంటా" అని చూపించాను. అప్పుడు చివరిదాకా కూర్చున్నాడు. వారం రోజులుగా మబ్బుతో ఒక్క చుక్క కూడా కనపడని ఊళ్లో, తల పైకెత్తి ఆకాశం నిండా నక్షత్రాలు చూడటం పిల్లలకు ఎంత సంబరమో నేను మాటల్లో చెప్పలేను. బయటికొచ్చి మా అమ్మాయి అడిగింది, "ఇప్పుడు కూడా అవన్నీ మబ్బు పైన ఉన్నాయా?" అని. ఆ ప్రశ్న కోసమైనా తీసుకెళ్లాలి.

లోపలి గ్యాలరీల్లో చేత్తో తిప్పి, నొక్కి, లాగి చూసేవి ఉంటాయి. ఇక్కడ పెద్దవాళ్లు చేసే పొరపాటు ఒకటుంది. పక్కనున్న బోర్డు చదివి వినిపిస్తూ, అన్నీ చూపించాలని తొందరపెడతాం. అలా వద్దు. నేను ఇలా చేస్తాను. ముందు ఒక రౌండు పిల్లలనే తిరగనిస్తాను. ఆ తర్వాత ఒక్కొక్కరు తమకు నచ్చిన మూడు ఎంచుకోవాలి. ఎంచుకున్న దాని దగ్గర, బటన్ నొక్కే ముందు "ఏమవుతుందనుకుంటున్నావు?" అని అడుగుతాను. ఊహ చెప్పాక నొక్కాలి. ఊహ తప్పితే మళ్లీ నొక్కి చూడాలి, ఈసారి నెమ్మదిగానో గట్టిగానో. ఇలా చేస్తే మూడింటికే గంట పడుతుంది, ఇంటికొచ్చాక నాయనకు వివరించేది కూడా ఆ మూడింటినే.

చిన్నపిల్లలకు అద్దాలు, శబ్దాలు, దొర్లేవి చాలు. ఆరు దాటినవాళ్ల చేతికి చిన్న నోటు పుస్తకం, పెన్సిల్ ఇవ్వండి, బొమ్మ గీసుకుంటారు. ఆరుబయట ఉన్న పార్కును ఈ రోజుకు వదిలేయండి. తడిసిన ఇనుము మీద కాలు జారుతుంది.

చంద్రగిరి: జల్లు రోజుకే

తిరుపతి నుంచి పది పన్నెండు కిలోమీటర్లు. గట్టి వానకు కాదు, సన్నటి జల్లు పడే రోజుకు. శుక్రవారం మ్యూజియం మూసి ఉంటుంది, అది గుర్తుంచుకోండి.

రాజమహల్ లోపలే పురావస్తు శాఖ మ్యూజియం ఉంది. పిల్లలకు ముందు రోజు రాత్రే కథ చెప్పండి. 1565లో తళ్లికోట యుద్ధం తర్వాత విజయనగర రాజులు హంపి వదిలి పెనుగొండకు వచ్చారు, ఆ తర్వాత చంద్రగిరి రాజధాని అయింది. 1639లో ఇంగ్లీషు కంపెనీ కోట కట్టుకోవడానికి తీసుకున్న మద్రాసు స్థలం కూడా ఈ రాజుల ఏలుబడిలోదే. మా అమ్మాయికి ఈ ముక్క చాలా నచ్చింది. అంత పెద్ద చెన్నైకి మన చంద్రగిరితో సంబంధమా అని రెండు మూడుసార్లు అడిగింది.

అక్కడ ఇచ్చే పని ఇది. రాజమహల్‌ను రాయి, ఇటుక, సున్నంతో కట్టారు, అంతస్తులు నిలబెట్టడానికి కలప వాడలేదు. "పైకి చూసి ఎక్కడైనా దూలం కనపడితే చెప్పు" అనండి. పిల్లలు మెడ నొప్పి పుట్టేదాకా వెతుకుతారు. దూలం దొరకదు. అప్పుడు వంపు తిరిగిన కప్పును చూపించి, రెండు చేతుల వేళ్లు ఒకదానికొకటి ఆనించి, ఇటుకలు ఒకదాన్నొకటి నెట్టుకుంటూ ఎలా నిలబడతాయో చూపించండి. ఆ తర్వాత మ్యూజియంలో రాతి విగ్రహాలు, కంచు విగ్రహాలు ఉంటాయి. ఒక్కటి ఎంచుకుని, ఐదు నిమిషాలు దాని ముందు కూర్చుని గీయాలి. అన్నీ చూడాలన్న ఆరాటం ఇక్కడా వద్దు.

వాన రోజు జాగ్రత్త ఒకటుంది. రాతి మెట్లు, ఆవరణలో పాచి పట్టిన బండలు బాగా జారతాయి. చిన్నపిల్లల చెయ్యి వదలకండి. కోనేటి దగ్గరికి, కొండపైకి వెళ్లే దారి వైపు అసలు తీసుకెళ్లొద్దు.

కాళహస్తి కలంకారీ: పెద్ద పిల్లలకు

ఎనిమిదేళ్లు దాటిన పిల్లలుంటే, హెచ్చరికలేమీ లేని ముసురు రోజున శ్రీకాళహస్తి వెళ్లి రావచ్చు. నలభై కిలోమీటర్లకు కాస్త తక్కువ. కలంకారీ వేసే ఇళ్లు, చిన్న కార్ఖానాలు అక్కడ చాలా ఉన్నాయి. ఈ పనికి వాన అడ్డే. అద్దిన బట్టను పారే నీళ్లలో ఉతికి, ఎండలో ఆరబెట్టాలి. ఎండ లేకపోతే ఆ పని ఆగుతుంది. కానీ కలంతో గీత గీసే పని ఇంట్లో కూర్చుని చేసేదే. కాబట్టి పిల్లలు ఆ రోజు చూసేది గీత గీయడమే, చూడాల్సిందీ అదే.

ముందే ఫోన్ చేసి అడగండి. అది వాళ్ల ఇల్లు, వాళ్ల బతుకుతెరువు. పిల్లలకు గట్టిగా చెప్పండి, అడగకుండా బట్టను ముట్టుకోవద్దని. ఒక్క చుక్క పడితే కొన్ని రోజుల పని పాడవుతుంది. వచ్చేటప్పుడు చిన్న ముక్కైనా కొనండి.

వాళ్లు చూపించే నలుపు రంగు వెనకున్న సంగతి పిల్లలు ఎప్పటికీ మర్చిపోరు. ఇనుప ముక్కలు, బెల్లం నీళ్లలో వేసి పులియబెడితే కసిమి తయారవుతుంది. బట్టను ముందే కరక్కాయ పొడి కలిపిన పాలలో ముంచి ఆరబెడతారు. కసిమి ముంచిన కలం ఆ బట్టను తాకగానే గీత నల్లగా తిరుగుతుంది. కరక్కాయలోని వగరు, ఇనుము కలిస్తే నలుపు. పాల వల్ల రంగు బట్ట మీద పారకుండా ఉంటుంది.

దీన్ని ఇంట్లోనూ చేయవచ్చు. తుప్పు పట్టిన నాలుగు మేకులు, చిన్న బెల్లం ముక్క, నీళ్లు గాజు సీసాలో వేసి, మూత వదులుగా పెట్టి, పిల్లలకు అందనంత ఎత్తులో వారం పది రోజులు ఉంచండి. మూత బిగిస్తే గాలి పుట్టి సీసా పగలవచ్చు. కరక్కాయ మూలికల అంగడిలో దొరుకుతుంది. దొరకకపోతే చిక్కటి టీ డికాషన్‌లో పాత తెల్ల బట్ట ముంచి ఆరబెట్టినా నలుపు కొంత తేలుతుంది. నోట్లో పెట్టుకోకుండా, చేతులు కడుక్కునేలా చూడండి. తర్వాతి ముసురుకు సీసా సిద్ధంగా ఉంటుంది.

అదే దారిలో ఏర్పేడు మండలంలో మాధవమాల ఉంది, చెక్కతో విగ్రహాలు చెక్కే ఊరు. కానీ వాన రోజు రెండూ కలపకండి. ఒక్కచోటే.

మిగిలినవి, క్లుప్తంగా

గ్రంథాలయం ఉచితం, ప్రశాంతం. శుక్రవారం సెలవు. పిల్లల పుస్తకాల అర దగ్గర గంట కూర్చోవచ్చు. చదవడం రాని పిల్లలకు మీరే గుసగుసగా చదివి వినిపించండి.

సాయంత్రం వాన తెరిపి ఇచ్చి, ఇల్లు దగ్గరైతే అన్నమాచార్య కళామందిరంలోనో మహతి ఆడిటోరియంలోనో కార్యక్రమం ఉందేమో చూడండి. పూర్తిగా కూర్చోవాలని పట్టుబట్టక్కర్లేదు. రెండు కీర్తనలు విని, మృదంగం వాయించే చేతులు చూసి వచ్చేసినా చాలు. చిత్తూరులో ఉన్నవాళ్లకు నాగయ్య కళాక్షేత్రం ఉంది, కార్యక్రమాలున్న రోజు చూసుకుని వెళ్లండి. వాన రోజు చిత్తూరు నుంచి తిరుపతికి పిల్లల్ని తీసుకొచ్చేంత పని పెట్టుకోకండి.

మాల్స్‌లో ప్లే జోన్లు నాకంత ఇష్టం లేదు. గంటకింత అని డబ్బు, చెవులు హోరెత్తే పాటలు, వానకు ఊరంతా అక్కడే. వెళ్లాలనుకుంటే తెరిచిన వెంటనే వెళ్లండి, ఆరిన సాక్సుల జత ఒకటి ఎక్కువ పెట్టుకోండి. సినిమా కూడా అంతే, తొలి ఆట మేలు.

వాన రోజు వెళ్లకూడనివి

జూ పార్కు చాలా పెద్దది, అంతా ఆరుబయటే, జంతువులు కూడా తలదాచుకుంటాయి. తలకోన వద్దే వద్దు. కపిలతీర్థం జలపాతం వానకు నిండుగా దూకుతుంది, ఊరంతా చూడటానికి వెళ్తుంది. నాకూ ఆ దృశ్యం చాలా ఇష్టం. కానీ పిల్లలతో అయితే వాన వెలిసిన మర్నాడు, దూరంగా నిలబడి. నీళ్ల దగ్గరికి దించొద్దు. కొండ మీదికి కూడా ముసురులో షికారు కోసం వెళ్లకండి. ఘాట్ రోడ్డులో బండరాళ్లు జారిపడే రోజులవి.

సంచిలో ఏముండాలి

గొడుగు పెద్దవాళ్లకు, రెయిన్ కోటు పిల్లలకు. పిల్లలు గొడుగు పట్టుకుంటే ముందేముందో కనపడదు, చేతులూ ఖాళీ ఉండవు. కాళ్లకు వెనక పట్టీ ఉన్న శాండిల్స్ వేయండి. షూ తడిస్తే రెండు రోజులు ఆరదు. ఒక్కొక్కరికి ఒక జత బట్టలు, ఒక తువ్వాలు ప్లాస్టిక్ కవర్లో మూతి కట్టి పెట్టుకోండి. తడిసినవి వేసుకోవడానికి ఇంకో ఖాళీ కవరు. ఫ్లాస్కులో గోరువెచ్చటి నీళ్లు. దోమల క్రీము ఇంట్లోనే రాసి బయల్దేరండి. డెంగీ దోమ పగలే కుడుతుంది. ఫోన్ నిండా చార్జింగ్. ఇబ్బంది వస్తే 112.

తినడానికి ఇంటి నుంచే తీసుకెళ్తాను. బొరుగులు, ఉడకబెట్టిన చెనిక్కాయలు, అరటిపండ్లు. వాన రోజు బయట కోసి పెట్టిన పండ్లు, చట్నీలు పిల్లలకు పెట్టను. వేడివేడిగా కళ్ల ముందు తీసిన బజ్జీ అయితే ఒకటి సరే.

అవ్వ వాళ్ల ఇల్లు

నారింజ హెచ్చరిక ఉన్న రోజు మాకు మిగిలేది రెండు వీధుల అవతల ఉన్న మా అమ్మ వాళ్ల ఇల్లు. దీన్ని కూడా షికారులాగే చేస్తాం. సంచి సర్దుతాం, రెయిన్ కోట్లు వేస్తాం, నడిచి వెళ్తాం. కరెంటు స్తంభాలకు, వేలాడే తీగలకు దూరంగా, రోడ్డు మధ్యకు దగ్గరగా. అక్కడ పిల్లలకు పని ఉంటుంది. చెనిక్కాయలు ఒలవడం, అవ్వతో కలిసి మురుకులు వత్తడం, పాత ఫోటోల ఆల్బం తెరిచి "ఇది ఎవరు?" అని అడగడం. మా చిన్నోడు అష్టాచెమ్మా అక్కడే నేర్చుకున్నాడు. గవ్వలు లేకపోతే చింతగింజలు ఒక వైపు అరగదీసి వేస్తాం.

ఇల్లు చేరాక

గుమ్మం దగ్గరే కాళ్లు కడిగించి, వేళ్ల సందులు పొడిగా తుడవండి. తల తడిసినా తడవకపోయినా ఆరిన తువ్వాలుతో ఒకసారి రుద్దండి. బట్టలన్నీ మార్చి, వేడి అన్నంలో మిరియాల చారు పోసి పెట్టండి. మా ఇంట్లో ఆ చారు తాగుతూనే పిల్లలు వాళ్ల నాయనకు ఆ రోజు ఎంచుకున్న మూడింటి గురించి చెప్తారు. నోటు పుస్తకం తడిసి ఉంటే పేజీలు విడదీసి ఫ్యాన్ కింద పెట్టడం మాత్రం మరిచిపోకండి.